ఆకు ముందు, వేరు వెనక

హిందూపురం,
18 డిసెంబరు 2024.

అన్నా,

మీరంతా బాగుండారని చిన్నమ్మ చెప్పింది. బాగాలేనిది చెట్టొక్కటేనని కూడా ఆమే చెప్పింది. అందుకే ఈ జాబు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. పెద్దల అమావాస్య నాడు నాయనకు పిండం పెట్టేదానికి నేను రాలేదని నువ్వు, ఆ పిండం తినేదానికి నాయన వచ్చినాడా అని నేను, ఇద్దరం ఎట్లా అరుచుకున్నామో గుర్తుంది కదా. ఫోనైతే సగం మాటలోనే కట్ చేస్తావు. కాగితమైతే చింపాలి. నువ్వు కాగితం చింపే మనిషివి కాదు.

చీర కోసమని చిన్నమ్మ పోయిన వారం పెనుకొండ నుంచి మీ ఇంటికొచ్చిందంట కదా. పెరట్లో ఎవరో మనిషి దారం పట్టి, ముగ్గుపిండితో గీతలు గీసి, మన అంజూర చెట్టు దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపినాడంట. ఏమిరా అంటే నువ్వు "ఇది పోవాలంట చిన్నమ్మా" అన్నావంట. వాస్తు ఆయన చెప్పినాడు, కోస్తే పాలు కారే పాలచెట్టు ఇంట్లో ఉండకూడదంట, కొట్టేస్తాండారు అని ఆమె నాకు చెప్పింది.

నేను పరిగి దారిలో గార్మెంట్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి ఆడోళ్ళకు చెప్పేది ఇదే. మీ కడుపు కొట్టేది గ్రహాలు కాదు, యజమాని అని. యూనియన్ నడపడమంటే సగం ఈ మాట చెప్పడమే. ఆ మాట సొంత అన్న ఇంటి గుమ్మం దాటలేదని ఇప్పుడు తెలిసింది. ఏ దిక్కున ఏ చెట్టుంటే నీ మగ్గానికొచ్చే ముడిపట్టు ధర దిగుతుందో ఆ వాస్తు మనిషిని అడిగి రాయి. నేనే వచ్చి నాటుతా. జరీ ధర పెంచింది అంజూర చెట్టా? కూలి పెంచని షావుకారు ఆ చెట్టు నీడలో కూర్చున్నాడా?

ఆ చెట్టుకు నాటుకట్టెను నాయన చిన్నమ్మ పెరట్లోనే అడుక్కున్నాడు. తడి తువ్వాలులో చుట్టుకొని పెనుకొండ నుంచి బస్సులో తెచ్చి నాటినాడు. చిన్నమ్మ దగ్గరి తల్లిచెట్టు కరువులో ఎండిపోయింది. ఇప్పుడు ఆ జాతికి మిగిలింది మీ పెరటిదొక్కటే. కొట్టడం నిశ్చయమైతే ముందు నాకు కొమ్మలు పంపు. నీ మూఢత్వం నీ దగ్గర పెట్టుకో, చెట్టును నాకియ్యి.

కోపంలో ఉన్న నీ చెల్లెలు,
మాధవీలత


ధర్మవరం,
29 డిసెంబరు 2024.

మాధవికి అన్న జయరాముడు రాసేది.

నీ జాబు రెండుసార్లు చదివినా. మీ వదిన ఒకసారి చదివి, ఆయమ్మ చేతిరాత ఎంత బాగుండాదో అని చెప్పి లోపలికి పోయింది.

చెట్టు పోవాల్సిందే. పాలచెట్టు ఇంటికి అచ్చిరాదంట. చిన్నమ్మ చెప్పిందే నిజమనుకో. నువ్వు నన్ను మూఢుడనడం కొత్త కాదు, నాకు అలవాటే. దీని మీద ఇంకా రాయొద్దు.

కట్టెలు పంపిస్తాండా. సుంకప్ప చీరల మూట తీసుకోని బెంగళూరికి పోతాండాడు, హిందూపురం బస్టాండులో నీకిస్తాడు. చిటికెనవేలు లావు ఉండే పోయినేటి కొమ్మలే కోసినా. లేతవి కుళ్ళిపోతాయి. పైకొస అడ్డంగా, కింది కొస ఏటవాలుగా ఉంటాది చూడు. నాయన అట్లే కోసేవాడు, నాటేటప్పుడు తలకిందులు కాకూడదని. కోసిన చోట పాలు కారి ఆరనిచ్చినాం. ఇసుకలో సగం దాకా దిగేయ్. నీడలో పెట్టు. నీళ్ళు చిలకరించల్ల గాని పొయ్యకూడదు. నువ్వు ఏ పనైనా ఎక్కువ చేస్తావు, అందుకని రాస్తాండా.

కట్టకు కట్టిన ఎర్ర పట్టుపోగు మీ వదిన కట్టింది. పడుగు కోసేటప్పుడు మిగిలిన కొస. పారేయొద్దంది.

నా మోకాళ్ళు ముందటి మాదిరే ఉండాయి. మగ్గం గుంతలోకి దిగేటప్పుడు నేనే దిగుతా, లేచేటప్పుడు నవనీత్ చెయ్యి పట్టుకుంటా. కొడుకున్నందుకు అదొక లాభం.

ఇదేదీ మీ యూనియన్ పత్రికలో వేయొద్దు.

మీ అన్న


హిందూపురం,
24 జనవరి 2025.

వాస్తు భక్తుడైన అన్నకు,

నీ కట్టెలు గెలిచినాయి. మా బాడుగింటి మిద్దె మీద పెయింటు డబ్బాలలో ఇసుక పోసి నాటినా. నీడ ఈ ఇంట్లో యాడుంది, నేనున్న గదికే లేదు. డబ్బాలు మా యూనియన్‌లో యమున తెచ్చిచ్చింది. అక్కా, ఈ ఎండు పుల్లలకు ఇంత సేవ ఎందుకని నవ్వింది. ఇప్పుడొచ్చి చూడమను. ఒక్కటి తప్పకుండా అన్నిటికీ ఆకొచ్చింది. చిన్నపిల్లల చేతుల మాదిరి వేళ్ళు విప్పుకొని ఉండాయి. నీ వాస్తు మనిషి చంపమన్న చెట్టు నా మిద్దె మీద చప్పట్లు కొడుతోంది.

పత్రికలో వేయొద్దన్నావు. వేసినా. నీ పేరు వేయలేదు. "పాలచెట్టు చేసిన పాపం" అని శీర్షిక. ధర్మవరంలో ఒక నేతన్న అని మాత్రం రాసినా. ధర్మవరంలో నేతన్నలు వేలమంది, నువ్వే అని ఎవరికి తెలుస్తుంది? పురుగు నోట్లోంచి వచ్చిన పట్టును కళ్ళకద్దుకొని బతికే మనిషి చెట్టు కార్చే పాలకు భయపడటమేమిటని అడిగినా. జవాబుంటే రాయి, అది కూడా వేస్తాం. మా పత్రికలో ఎదుటివాడికి చోటుంటుంది.

ఇంకో సంగతి. ఆగస్టులో చేనేత దినానికి ఇక్కడ సభ పెడుతున్నాం. ఈసారి ఉపన్యాసాలు తగ్గించి వేదిక మీద మగ్గం పెట్టాలని నా ఆలోచన. గుంత తవ్వలేం కాబట్టి చట్రం మగ్గం బాడుగకు తెస్తాం. మరమగ్గాలు చేనేతను ఎట్లా మింగుతున్నాయో నేను మాట్లాడతా, నా పక్కన నువ్వు నేస్తావు. నాయన ఉంటే ఆయనను కూర్చోబెట్టేదాన్ని. సహకార సంఘం గొడవలో ఆయన జైలుకు పోయినాడని ఇప్పటికీ పాతవాళ్ళు చెప్పుకుంటారు. ఆయన కొడుకు చేయి ఆడుతుంటే చూస్తే చాలు జనానికి.

రానని అనొద్దు.

మాధవీలత


ధర్మవరం,
20 ఫిబ్రవరి 2025.

మాధవికి,

వేలమంది నేతన్నలలో నన్ను కనుక్కునేదానికి మా వీధికి ఒక పూట కూడా పట్టలేదు. అంజూర చెట్టు ఉండేది మనింట్లోనే కదా. మీ పత్రిక పుస్తకం మా నేత సంఘం ఆఫీసులో టీ కాడ చదివినారంట. "ఏమప్పా జయరామా, మీ చెల్లెలు నిన్ను పుస్తకమెక్కించిందంట, మాకూ ఒక చెట్టుండాది, చెప్పి రాయించు" అని నల్లమ్మ కొడుకు అన్న్యాడు. నేను నవ్వినా. మీ వదిన నవ్వలేదు.

ఆకులు చూసి మురిసిపోవద్దు. నాయన చెప్పింది నీకు గుర్తున్నట్టు లేదు. కట్టెకు ఆకు ముందొస్తాది, వేరు వెనక. ఆ ఆకు మన్ను తిని వచ్చింది కాదు, కట్టెలో మిగిలిన పాలు తాగి వచ్చింది. ఆ పాలు అయిపోయే లోపల వేరు దిగితే బతుకుతాది, లేకుంటే లేదు. వేరు వచ్చిందేమోనని లాగి చూడొద్దు. వచ్చిందుంటే అది తెగుతాది. మిద్దె మీద ఎండ తగలనీయొద్దు.

చెట్టు మొన్న కొట్టించినాం. మాను తెల్లగా కారింది, తుడిచినా ఆగలేదు. మీ వదిన ముందు దినం, ఆ పొద్దు ఉపాసముంది.

సభ సంగతంటావా, ఆగస్టుకు ఇంకా శానా దినాలుండాయి. నా పేరు యాడా చెప్పొద్దు ఇప్పుడే.

అన్న


హిందూపురం,
25 మార్చి 2025.

అన్నా,

కట్టెలు పోయినాయి. ముందు ఆకుల అంచులు మాడినాయి, తర్వాత వాలినాయి. నీళ్ళు పోసినా. ఇంకా పోసినా. లాగొద్దన్నావు గాని, చస్తోందో బతుకుతోందో తెలియకుండా ఎన్నాళ్ళు చూసేది? ఒకటి లాగినా. కింద ఏమీ లేదు, నల్లగా మెత్తగా ఉంది. అన్నీ లాగినా. అన్నీ అట్లాగే. ఒక్కదానికి మాత్రం తెల్లటి వెంట్రుక మాదిరి ఒక్క పోగు కనపడింది. అది లాగడంలోనే తెగింది. దాని గురించి ఇంకేం రాయను.

యమునను ఫ్యాక్టరీలో తీసేసినారు. బాత్రూముకు ఎక్కువసార్లు పోతోందని కారణం. అసలు కారణం మా యూనియన్ కాగితం మీద సంతకం పెట్టడం. లేబర్ ఆఫీసుకు తిరుగుతున్నాం. ఆ ఆఫీసు మెట్లు నాకు బాగా తెలుసు, వాటికి నేను ఇంకా బాగా తెలుసు. అలసిపోయినానన్నా. నువ్వు పక్కనుంటే ఈ మాట అనను, కాగితం కాబట్టి అంటున్నా.

అలసటలో ఒక మాట స్పష్టమైంది. చెట్టు కొట్టేటప్పుడు వదిన రెండు దినాలు ఉపవాసముందని రాసినావు. అప్పుడు అర్థమైంది ఈ వాస్తు ఎవరి తలలో పుట్టిందో. నువ్వు నాయన చేతికింద పెరిగినవాడివి, ఒక్కడివే అయితే ఇంత దూరం పోవు. చెట్టును చంపడమూ ఆమే, దోషం పోవాలని కడుపు మాడ్చుకోవడమూ ఆమే. చదువుకున్న ఇంటి ఆడపిల్లే అట్లుంటే నేను యమున లాంటివాళ్ళకు ఏమని చెప్పేది? ఈ ముక్క ఆమెకు చదివి వినిపించు.

సభ పోస్టర్లు అచ్చుకిచ్చేసినాం. "నాలుగు తరాల చేనేత చేయి, ధర్మవరం జయరాముడు" అని వేయించినా. ఇక తప్పించుకోలేవు.

మాధవీలత


ధర్మవరం,
14 ఏప్రిల్ 2025.

మాధవీ,

నీ జాబు మీ వదినకు చదివి వినిపించమన్నావు. నేను వినిపించలేదు. ఆయమ్మే చదువుకుంది. చదివి మడిచి నాకిచ్చి, ఒక్క మాట అనింది. "నన్ను ఏమనుకున్నా అనుకోనీ. మీ నాయన పెట్టిన చెట్టు మీద అబద్ధం వేసినావే, అది తీసెయ్." అందుకే రాస్తాండా. లేకుంటే రాసేవాణ్ణి కాదు.

వాస్తు మనిషి ఎవరూ రాలేదు. చిన్నమ్మ చూసింది మేస్త్రీని. ఆయన పేరు డేవిడ్. ఆదివారం చర్చికి పోతాడు. పేరు అడిగింటే చిన్నమ్మ వాస్తు అనేది కాదు. ఆయన గీసింది షెడ్డు పునాదికి. తల ఊపింది చెట్టు వేర్లు పునాదిలోకి వస్తాయని. నేను "ఇది పోవాలంట" అన్న్యా, చిన్నమ్మ మిగతాది తనే అల్లుకుంది. నీ జాబు వచ్చినాక నేను కాదనలేదు.

షెడ్డు పవర్‌లూమ్‌లకు. రెండు పెట్టినాం. నవనీత్ చూసుకుంటాండాడు. గుంత మగ్గం చెట్టు కొట్టిన వారంలోనే విప్పేసినాం.

నన్ను మూఢుడని నువ్వు పుస్తకంలో రాసినా నాకు నొప్పి లేదు, ఊరంతా ఒక పూట నవ్వి మర్చిపోతాది. మిషన్ మగ్గం పెట్టినానంటే నువ్వేమంటావో నాకు తెలుసు. నీ నోట అది వినలేక పాలచెట్టు వెనక దాక్కున్నా. నా వయసులో దాక్కునేదానికి చెట్టు కూడా లేకుండా కొట్టుకున్నా చూడు.

మోకాలు లేవదు మాధవీ. డాక్టరు గుంతలో దిగొద్దన్నాడు. నవనీత్ గుంతలో కూర్చోనన్నాడు. కూర్చున్న పిల్లోళ్ళకు పెండ్లిళ్ళు కావడం లేదు, అది కూడా రాసుకో కావాలంటే. నేను దిగలేను, వాడు దిగడు. మగ్గాన్ని ఏం చేయమంటావు?

మీ వదిన ఉపాసముండింది దోషానికి కాదు. చెట్టు కొట్టొద్దని. షెడ్డును ఇంకో పక్క జరపమని. జరిపితే వీధిలోకి పోతాది. ఆ సంగతి ఆయమ్మకూ తెలుసు, అయినా తినలేదు.

పోస్టరులో నా పేరు కొట్టెయ్.

జయరాముడు


హిందూపురం,
9 జూన్ 2025.

అన్నా,

ఇంత ఆలస్యంగా రాయడం నా అలవాటు కాదని నీకు తెలుసు. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపినా. నువ్వు చింపని మనిషివి, నేను చింపే మనిషిని అని ఇప్పుడే తెలిసింది.

మరమగ్గం మీద నా మాట మారలేదు. మారదు. పట్టుచీర చేనేతకే అని చట్టం ఉంది. దాన్ని అమలు చేయాల్సిన ఆఫీసరు కళ్ళు మూసుకొని కూర్చుంటాడు, చేతిమగ్గం వాడు గుంతలోనే ముసలివాడవుతాడు, చివరికి తానే పోయి మిషన్ కొనుక్కుంటాడు. అప్పుడు ప్రభుత్వం, చూశారా నేతన్నే వద్దనుకున్నాడు అంటుంది. నువ్వు ఓడిపోలేదు, నిన్ను ఓడించినారు. ఇది నేను సభలో అనే మాటే. నీకు కూడా అంటున్నా, ఎందుకంటే నువ్వు నా నోట వేరే మాట వస్తుందని భయపడినావు.

అయితే ఒకటి అడగాలి, దీనికి దాక్కోకుండా జవాబియ్యి. ఆ షెడ్డులో నేసిన చీరకు చేనేత ముద్ర వేస్తావా? వేస్తే, నువ్వు నాకు అన్నవే అయినా, నేను నీకు చెల్లెల్నే అయినా, ఆ ముద్ర మీద మాత్రం పోలీసు స్టేషనుకు పోతా. వేయనంటే ఇంకేమీ అడగను.

యమున కేసు ఇంకా నడుస్తోంది. పోయిన వారం ఆఫీసు బయట బెంచీ మీద కూర్చొని ఉన్నప్పుడు నీ జాబు ఆమెకు చదివి వినిపించినా. "మా యూనియన్‌లో అందరం మిషన్ల మీదే కదక్కా కూర్చుండేది, మమ్మల్ని నువ్వెప్పుడూ మిషన్ దిగమనలేదే" అనింది. అంతే, మళ్ళీ తన ఫైలు చూసుకుంది. నా దగ్గర జవాబుంది. గార్మెంట్ వేరు, చేనేత వేరు, చట్టం వేరు. గంటసేపు చెప్పగలను. కానీ ఆ బెంచీ మీద చెప్పబుద్ధి కాలేదు.

వదినకు వేరే కాగితం పెట్టినా. నువ్వు చదవొద్దు.

పోస్టర్లు అంటించేసినారు. నీ పేరు మీద తెల్ల కాగితం ముక్కలు అతికిస్తూ రెండు సాయంత్రాలు పోయినాయి. కాగితం కింద నుంచి నీ పేరు కనపడుతూనే ఉంది.

మాధవి


ధర్మవరం,
20 జూలై 2025.

మాధవమ్మకు అన్న దీవెనలు.

ముద్ర వేయను. మిషన్‌ది మిషన్‌దనే చెప్పి అమ్ముతాండా. తక్కువకు పోతాది, పోనీ. నాయన పేరుతో సంఘం కాడ ఇంకా నాకు టీ ఇప్పిస్తారు, ఆ టీ తాగాలంటే ముద్ర వేయకూడదు. నవనీత్‌కు ఇంకా నచ్చలేదు. వాడితో నేను మాట్లాడుకుంటా, నువ్వు వాడికి జాబు రాయొద్దు.

నీ కాగితం మీ వదిన నాకు చూపించలేదు. చదివి బీరువాలో పెట్టింది. ఆ పొద్దు కూర బాగుండింది, అంతే తెలుసు నాకు.

సుంకప్ప చేతికి ఒక సంచి ఇచ్చి పంపిస్తాండా. జాగ్రత్తగా దించుకో.

చెట్టు కొట్టిన పొద్దు మీ వదిన కొమ్మలు ఏరి, కోసి, తడిగోనెలో చుట్టి దాచింది. నాకు చెప్పలేదు. మగ్గం విప్పినాక గుంతను రాళ్ళతో పూడ్చి సిమెంటు వేద్దామని నవనీత్ అంటే, దాంట్లో ఒక్క గంప సిమెంటు కూడా పడనీయనని ఆయమ్మ అనింది. ఇసుక తెప్పించి గుంతలో పోసింది. కట్టెలన్నీ అందులో నాటింది. నాయన ఆ గుంత పట్టు ఆరిపోకుండా చల్లగా ఉండల్లనే కదా తవ్వింది. కిటికీ చీర అంచు చూసేదానికి పెట్టుకున్నాం, ఆ వెలుతురు ఇప్పుడు వాటికి పనికొచ్చింది. నీళ్ళు చేత్తో చల్లేది. ఒక్కదాన్నీ లాగి చూడలేదు. నేను షెడ్డులో మిషన్ సప్పుడు భరించలేక ఇంట్లోకొచ్చి గుంత అంచున కూర్చుంటా. కాళ్ళు అలవాటు కొద్దీ లోపలికే పోతాయి. మొక్కల మీద పెట్టొద్దని అరుస్తాది మీ వదిన.

అన్నీ బతకలేదు. బతికినవాటిలో గట్టిది నీకు.

సభకు వస్తా. వేదిక మీదికి కాదు. వెనకాల యాడన్నా కూర్చుంటా.

అన్న జయరాముడు


హిందూపురం,
1 ఆగస్టు 2025.

అన్నా, వదినా, ఇద్దరికీ,

సంచి అందింది. బస్సులో గాలికి కాబోలు ఆకులన్నీ రాలిపోయి ఉత్త కట్టె దిగింది. సుంకప్ప నా మొహం చూసి, నేనేం చేయలేదు తల్లీ అన్నాడు. ఇంటికి తెచ్చి పెట్టి చూస్తే, సంచి అడుగు చీల్చుకొని వేర్లు బయటికొచ్చి ఉండాయి. వదిన ఈసారీ కట్టిన ఎర్ర పట్టుపోగు మెడకుంది. నేను దాన్ని ముట్టుకోలేదు.

ఇంటి ఓనరు జయచంద్ర మెట్ల కాడ నిలబడి చూసి, "మేడం, అది పాలచెట్టు కదా, ఇంటి ముందర వద్దు" అన్నాడు. పత్రికలో రాసిన వ్యాసమంతా నాలుక చివరికొచ్చింది. మింగేసినా. "అసలు సంగతి చెప్పప్పా, నేనేమీ అనను" అన్నా. "వేర్లు సంపులోకి పోతాయేమో మేడం, పోయినేడు పగిలితే బాగు చేయించలేక చచ్చినా, బాడుగకుండే మీకు అది చెప్తే బాగుండదని" అన్నాడు. అది న్యాయమైన మాట. ఆయన సంపు పగలగొట్టి నేను ఏ మూఢనమ్మకాన్నీ గెలవను.

అందుకని పరిగిలో యమున పెరట్లో నాటినాం. ఆమెకు కేసు తేలలేదు, ఇంటి దగ్గరే ఉంటోంది, నీళ్ళు చిలకరిస్తుంది. ఎక్కువ పోయొద్దని చెప్పినా. అక్కా, ఆ మాట నువ్వు నాకు చెప్తాండావా అనింది.

సభలో మరమగ్గాల మీద నా ఉపన్యాసం ఒక్క మాట తగ్గదు. నువ్వు వింటున్నావని మెత్తగా మాట్లాడను, నువ్వు కూడా తల దించుకోవద్దు. నచ్చకపోతే లేచి అడుగు. మా పత్రికలో ఎదుటివాడికి చోటుంటుందని ముందే రాసినా, సభలోనూ అంతే.

వెనకాల కూర్చుంటానన్నావు. వదిన పక్కన ముందు వరసలో కుర్చీ వేయిస్తా. ఎత్తు కుర్చీ. దిగే పని లేదు, లేచేదానికి ఎవరి చెయ్యీ పట్టుకునే పని లేదు.

మాధవి